సామిల్లు వెనక ఇంటికి లైను

వీధి పేరు చెబితే ఆటోవాళ్ళు వస్తారు. ఇల్లు ఎక్కడో చెబితే మాత్రం సామిల్లు గేటు దగ్గరే దిగిపొమ్మంటారు. మా ఇల్లు వీధిలో లేదు, వీధిలో ఉన్న సామిల్లు వెనకాల ఉంది. ప్రహరీ వెంట సన్నటి బాట. ఎదురుగా సైకిలు వస్తే మనిషి గోడకి అతుక్కుని నిలబడాలి. ఆ బాట చివర రెండు గదులు, ఒక వంటిల్లు. ఎప్పుడో కాపలావాడి కోసం కట్టించిన ఇల్లు. వీధికి దూరం కాబట్టి అద్దె తక్కువ, అద్దె తక్కువ కాబట్టి మేం అందులో ఉన్నాం.

మా అమ్మాయి ముందు గదిలో మిషను పెట్టుకుని ఆసుపత్రికి కావలసినవి కుడుతుంది. రోగులు తొడుక్కునే గౌన్లు, తలగడ గలేబులు, ఆపరేషన్ గదిలో కప్పే ఆకుపచ్చ గుడ్డలు. నేను కాజాలు తీస్తాను, నాడాలు కుడతాను. పొద్దస్తమానం అవతల రంపం గీపెడుతుంటుంది, ఇవతల మిషను టకటకలాడుతుంటుంది. మేం ఒకరితో ఒకరం మాట్లాడుకోవాలంటే రంపం దుంగ దాటేదాకా ఆగుతాం.

మనవరాలు మా దగ్గర లేదు. అమ్మాయి, అల్లుడు విడిపోయినప్పుడు పాప తండ్రి దగ్గర పెరగాలని కోర్టులో తేలింది. అక్కడ దానికి నాయనమ్మ ఉంది, స్థిరమైన సంపాదన ఉంది, మంచి బడి ఉంది. ఇక్కడ మేమున్నాం. ఆ రోజు కోర్టు వరండాలో అది తండ్రి భుజం మీద నిద్రపోతూనే వెళ్ళిపోయింది. నిద్రపోతున్న పిల్లకి ఏం చెప్పి పంపుతాం? మెట్ల దాకా వెనకే వెళ్ళాను, జారిపోతున్న చెప్పు సరిచేశాను. ఎవరు గడప దాటుతున్నా నాకు గుండె దడ. అమ్మాయి కూరల కోసం వెళ్తున్నా తిరిగొచ్చేదాకా చెవులు బాట మీదే ఉంటాయి. అలాంటిదాన్ని, ఆ రోజు నోరు మూసుకుని నిలబడ్డాను.

ప్రతి ఆదివారం సాయంత్రం తల్లీ కూతుళ్ళు ఫోనులో చూసుకుని మాట్లాడుకోవచ్చు. సెలవుల మాట మాత్రం తండ్రి చేతిలో ఉంది. ఆయన ఒకటే అన్నాడు. "పాప తన నోటితో వస్తానంటే నేనే తెచ్చి దింపుతా. బలవంతంగా పంపను." న్యాయమైన మాటే. న్యాయమైన మాటల మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టం.

చిక్కల్లా మా ఇంట్లో ఫోను సరిగ్గా పనిచేయకపోవడమే. సామిల్లు రేకుల షెడ్లు అడ్డమో, ఇంకేం అడ్డమో, సిగ్నలు చుట్టంచూపుగా వచ్చి పోతుంది. తెరమీద పాప ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోయేది. నోరు తెరుచుకుని బొమ్మలా ఆగిపోయేది. మాట ముందొచ్చి పెదవులు తర్వాత కదిలేవి. బాట దాటి వీధిలోకి వెళ్ళి మాట్లాడితే బొమ్మ కొంచెం నయం, కానీ లారీల హారన్లలో మాట వినపడదు. "ఏంటమ్మా? ఏంటి?" అని అది, "ఏంటి నాన్నా?" అని ఇది. సగం సమయం దాంతోనే గడిచిపోయేది.

మిగతా సగం మేమే పూరించుకునేవాళ్ళం. పాప నవ్వు మధ్యలో ఆగిపోతే, "ముద్దు పెట్టబోయింది, ఇంతలో పోయింది" అనేది అమ్మాయి. నేనూ "అవునే, పెదాలు ముందుకొచ్చాయి" అనేదాన్ని.

సెలవులు దగ్గరపడ్డాక ఒక ఆదివారం అమ్మాయి ధైర్యం చేసి అడిగింది. "సెలవులకి ఇక్కడికి వస్తావా నాన్నా?"

పాప ఏదో అంది. పెదవులు కదిలాయి, బొమ్మ ఆగిపోయింది, తర్వాత తెరంతా నలుపు.

"వస్తా అంది. విన్నావు కదమ్మా? 'వ' వినపడింది నాకు."

నాకేం వినపడలేదు. "అలాగే ఉంది" అన్నాను.

తండ్రికి ఫోన్ చేస్తే, "నేను వంటింట్లో ఉన్నాను, నాకు తెలీదు. పాపనడిగితే అమ్మకి చెప్పేశాను అంటోంది. మీరే మళ్ళీ అడగండి. ముందు అక్కడ ఒక మంచి లైను పెట్టించుకోండి. ప్రతి వారం ఈ చెవిటి ముచ్చట్లు దానికీ విసుగే" అన్నాడు.

ఆ మర్నాడే అమ్మాయి కేబుల్ ఆఫీసుకి వెళ్ళింది. టీవీ, ఇంటర్నెట్ అన్నీ ఒకే తీగలో వస్తాయట. కిటికీ అవతల కూర్చున్న పిల్ల వీధి పేరు కంప్యూటర్లో కొట్టి, "మీ వీధికి సర్వీసు ఉందండీ, రేపే వస్తారు" అంది. మర్నాడు ఎవరూ రాలేదు. ఫోను మాత్రం వచ్చింది, ఇల్లు తాళం వేసి ఉండటం చూసి మావాళ్ళు వెనక్కి వచ్చేశారని. నేను ఆ పూటంతా గడపలోనే కూర్చున్నాను. ఆ రోజు సామిల్లుకి సెలవు, దాని గేటుకున్న తాళం చూసి వాళ్ళు వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది.

అమ్మాయి మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఒకాయన వచ్చాడు. మోటారు సైకిలుకి నిచ్చెన అడ్డంగా కట్టుకుని వచ్చాడు కాబట్టి బాటలో పట్టక, వీధిలోనే ఆపి నడిచి వచ్చాడు. వస్తూనే నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి చూశాడు.

"పెద్దమ్మా, మీరు సర్వీసు అడిగింది ఏ వీధికి?"

"ఇదే వీధికి నాయనా."

"వీధికి ఉంది. మీరు వీధిలో లేరు."

"మరి ఎక్కడున్నాం?"

"అదే నాకూ అర్థం కావట్లేదు" అని నవ్వాడు. "స్తంభం అక్కడ వీధిలో ఉంది. మీరు ఇక్కడున్నారు. మధ్యలో ఆధారం లేకుండా అంత దూరం తీగ లాగితే ఊయలూగుతుంది. తీగ గాల్లో నడవదు కదా పెద్దమ్మా."

"మధ్యలో స్తంభం వెయ్యండి" అంది అమ్మాయి.

"కంపెనీ స్తంభాలు వీధి వరకేనమ్మా. వీధి దాటితే మీ తిప్పలు మీవి. ఈ బాటలో గుంజలు పాతినా లాభం లేదు, వచ్చేపోయే ప్రతివాడూ గుద్దుకుంటాడు. సామిల్లు షెడ్డు మీదుగా తీసుకొస్తే పని అవుతుంది. ఆయన్ని ఒప్పించుకోండి, ఆ రోజే వేసి పోతా."

సామిల్లాయన సంగతి మాకు తెలుసు. చెడ్డవాడు కాదు, మాట మాత్రం చేవకర్రలా ఉంటుంది. అమ్మాయి వెళ్ళి అడిగితే తల ఎత్తకుండానే అన్నాడట.

"కుదరదమ్మా. ఇంతకుముందు ఎవడో ఇలాగే తీగ లాక్కుంటానన్నాడు. సరేపో అన్నాను. దుంగల లారీకి తగులుకుని తెగి మావాడి మెడకి చుట్టుకుంది. నా లారీ పైకి చూడదు, అది చదువుకోలేదు."

"బాబాయ్, షెడ్డు మీద నుంచే కదా."

"షెడ్డు ఎక్కాలన్నా ముంగిలి దాటాలి కదా. దాటేచోటే లారీ తిరుగుతుంది. టీవీ చూడకపోతే ఏమవుతుంది? కళ్ళకి మంచిది."

టీవీ కోసం కాదని చెప్పడం దానికి ఇష్టం లేదు. ముఖం గంటు పెట్టుకుని తిరిగొచ్చింది. "వదిలెయ్యమ్మా" అని మిషను దగ్గర కూర్చుంది. ఆ పూట కుట్టిన గలేబులన్నీ మళ్ళీ విప్పింది.

మధ్యాహ్నం రంపం ఆగినప్పుడు నేను వెళ్ళాను. వెళ్ళొద్దని అది చెప్పలేదు, చెప్పి ఉంటే వినేదాన్నో లేదో తెలీదు. సామిల్లాయన రంపంపొట్టు మీద గోనె పరుచుకుని అన్నం తింటున్నాడు.

"రండి అక్కయ్యగారూ. కూతురు అయింది, ఇప్పుడు తల్లా? రేపు ఎవరొస్తారు?"

"రేపు రావడానికి మా ఇంట్లో ఇంకెవరూ లేరు తమ్ముడూ. ఉన్న ఒక్కదాన్ని రప్పించుకోవడానికే ఈ తీగ" అని మొత్తం చెప్పాను. కోర్టు, ఆదివారాలు, గళ్ళుగళ్ళ ముఖం, "వ" వినపడిందనడం.

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు. విన్నాక ముద్ద గిన్నెలో పెట్టేశాడు.

"ఈ మాట ఆ అమ్మాయి చెప్పొచ్చు కదా?"

"చెప్పదు."

"చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? నేనేమన్నా జోస్యుడినా?" అని కసిరాడు. తర్వాత నెమ్మదిగా, "వీధి స్తంభం నుంచి షెడ్డు మీదికి, అక్కణ్ణుంచి మీ ఇంటికి ఎత్తుగా లాగమనండి. ముంగిట్లో ఎత్తుకి ఒక నిలువు దుంగ నేనే పాతిస్తా. ఎంత ఎత్తంటే, నా లారీ దుంగలమీద మనిషిని నిలబెట్టుకుని వెళ్ళినా తగలకూడదు" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మాయి సంతోషించలేదు.

"నా బతుకు రంపం కింద పెట్టి ముక్కలు చేసి పంచిపెట్టి వచ్చావన్నమాట."

"పని అయింది కదే."

"అయింది. ఇక రేపటి నుంచి అక్కడి కూలీలంతా నన్ను చూసి జాలిపడతారు. నాకు లైను కావాలమ్మా, జాలి వద్దు."

"జాలి లేకుండా మనకి ఏదొచ్చిందే ఇప్పటిదాకా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ సాయంత్రం కంచం తోసేసి లేచింది.

దుంగ పాతారు. కేబులాయన వచ్చాడు. ముంగిట్లో దుంగ మీదుగా, షెడ్డు రేకుల మీదుగా నల్లటి సన్నటి తీగ మా గుమ్మం పైకొచ్చింది. దాని కొస ఒలిచి చూపించాడు.

"ఇందులో రాగి లేదు పెద్దమ్మా, గాజు. తలవెంట్రుకంత ఉందా? ఇందులోంచి వెలుగు నడుస్తుంది. మీ మనవరాలు దీంట్లోంచే వస్తుంది."

సామిల్లాయన ఇతనికీ చెప్పేశాడన్నమాట. అమ్మాయి విననట్టు గుడ్డ కత్తిరిస్తూ ఉంది.

చిన్న పెట్టె ఒకటి గోడకి కొట్టాడు. పచ్చ దీపం వెలిగింది. మిగిలిన తీగని పెద్ద పెద్ద చుట్టలుగా వదులుగా మేకుకి వేలాడదీశాడు. వెళ్తూ, "దీన్ని మాత్రం ఎవరూ లాగకండి" అన్నాడు.

"లాగం నాయనా."

ఆ శనివారమంతా అమ్మాయి గది సర్దింది. నెలల తరబడి మూలన పడున్న ముక్కలగుట్ట మాయమైంది. మిషను నూనె మరకలు తుడిచింది. గోడ మీద పెచ్చులూడిన చోట ఆకుపచ్చ గుడ్డ పరదాలా కట్టింది. మళ్ళీ విప్పేసింది, ఆసుపత్రిలా ఉందని. పాప చూస్తుంది, పాప వెనకనుంచి నాయనమ్మా చూస్తుంది. "ఏదో గోడౌనులో ఉంటున్నట్టు అనుకోకూడదు" అంది.

ఆదివారం సాయంత్రం ఫోను తెరిస్తే ఏమీ లేదు. పెట్టె మీద పచ్చ దీపం పోయి ఎర్ర దీపం వెలుగుతోంది. ఆపింది, పెట్టింది, గోడకున్న ప్లగ్గు తీసి తుడిచింది. ఎర్రదే. ఫోను పట్టుకుని బాటలో పరిగెత్తింది. నేనూ వెనకాలే వెళ్ళాను. వీధిలో లారీ ఒకటి వెనక్కి తిరుగుతూ కేకలు పెడుతోంది.

"లైను పెట్టించాం అన్నారు కదా?" తండ్రి గొంతు.

"పెట్టించాం, ఇవాళే ఏదో..."

"చూడండి. సెలవుల్లో దాన్ని ఎక్కడికో అక్కడికి తీసుకెళ్ళాలి. మీ దగ్గరికి రాకపోతే మా చెల్లెలు వాళ్ళింటికి. వచ్చే ఆదివారం అడగండి, అదే ఆఖరు. తర్వాత నన్ను అనొద్దు."

పాప కాసేపు కనిపించింది. ముక్కు ఒకచోట, కళ్ళు ఒకచోట.

కేబులాయన మధ్యలో రెండుసార్లు వస్తానని రాలేదు. మూడోసారి వచ్చి, గోడవైపు చూసి నోరెళ్ళబెట్టాడు.

"నేను వేలాడదీసిన చుట్టలేవి?"

అమ్మాయి మిషను వెనక చెయ్యి పెట్టి తీసింది. మిగిలిన తీగంతా ఖాళీ దారపు కండెకి బిగుతుగా, వరసగా, ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కకుండా చుట్టి, కొసన చిన్న ముడి వేసి ఉంది. ఇంత అందంగా చుట్టిన కండె నేనూ చూడలేదు.

"దారం చుట్టినట్టు చుట్టారేంటమ్మా!"

"లాగొద్దన్నారు. లాగలేదు."

"గాజమ్మా అది! అంత మెలిక తిప్పితే లోపల పుటుక్కుమంటుంది. దర్జీవాళ్ళింట్లో వేస్తున్నానని నాకు తట్టలేదు చూడు." నవ్వబోయి అమ్మాయి ముఖం చూసి ఆగిపోయాడు. "పర్లేదు, కోసి అతికిస్తా."

అది వేళ్ళకేసి చూసుకుంది. ఇన్నేళ్ళుగా ఒక్క పోగు వృథా చేయకుండా, చిక్కు పడనీయకుండా చుట్టడం నేర్చుకున్న వేళ్ళు. పక్కగదిలోకి వెళ్ళిపోయింది. కేబులాయన నాకేసి చూసి గొంతు తగ్గించాడు.

"ఎంత బాగా సర్దాలనుకుంటే అంత పని చెడింది పాపం."

తను తెచ్చిన అతుకులేసే చిన్న మిషనులో ఆ వెంట్రుక కొసలు రెండూ ఎదురెదురుగా పెట్టాడు. చిటుక్కుమని ఒక మెరుపు. దీపం పచ్చగా వెలిగింది. ఈసారి వెళ్తూ లాగొద్దు, చుట్టొద్దు, ముడెయ్యొద్దు, మడవొద్దు అని అన్నీ చెప్పి వెళ్ళాడు.

ఆదివారం వచ్చింది. అమ్మాయి ఫోనుని మిషనుకి ఆనించి నిలబెట్టింది. నన్ను పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. పిలవగానే తెర తెరుచుకుంది.

పాప ఎదురుగా ఉంది. గళ్ళు లేవు. కనురెప్పల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. చెంప మీద దోమకాటు కనిపిస్తోంది. వెనక గోడ, గోడకి తగిలించిన బడి సంచీ, సంచీకున్న తెగిన పట్టీ.

"జుట్టు కత్తిరించారా నాన్నా! ఎప్పుడు?" అంది అమ్మాయి.

"ఎప్పుడో. పోయినసారి కూడా ఇలాగే ఉంది కదా."

పోయినసారి, అంతకుముందు సారి కూడా మేం చూస్తూ మాట్లాడాం.

పాప కళ్ళు పక్కకి పోతున్నాయి. అక్కడ ఎవరో ఉండి చెప్పిస్తున్నారని నాకు అనుమానం. అమ్మాయికీ వచ్చినట్టుంది, కాస్త ముందుకి వంగింది. తండ్రి కూడా కనిపెట్టాడు కాబోలు, ఫోను తీసుకుని గదంతా తిప్పి చూపించాడు. మంచం, బల్ల, కిటికీ. "ఎవరూ లేరు. నేనూ వెళ్తున్నా. మీరు మాట్లాడుకోండి." తలుపు మూసిన చప్పుడు కూడా శుభ్రంగా వినపడింది.

అమ్మాయి బడి గురించి అడిగింది. స్నేహితురాళ్ళ గురించి అడిగింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చివరికి అడిగింది.

"సెలవులకి ఇక్కడికి వస్తావా?"

"రాను."

అమ్మాయి కదల్లేదు. దాని మౌనం చూసి, బొమ్మ ఆగిపోయిందనుకుంది పాప. అలవాటే కదా. ఫోనుకి దగ్గరగా నోరు పెట్టి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు ఒక్కో అక్షరం విడగొట్టి, గట్టిగా, ఎంతో ఓపిగ్గా చెప్పింది.

"రా... ను... అన్నాను. వినిపిస్తోందా అమ్మా?"

"వినిపిస్తోంది నాన్నా."

నేను ఆగలేకపోయాను. "అంతకుముందు అడిగినప్పుడు వస్తానన్నావు కదే?"

"లేదు అమ్మమ్మా. అప్పుడూ ఇదే చెప్పా. మీకే వినపడలేదు."

"ఎందుకు రావు తల్లీ? ఎవరన్నా వద్దన్నారా?"

"ఎవరూ అనలేదు." అది కాసేపు నిజంగానే ఆలోచించింది. కోపం లేదు, మొండితనం లేదు, లెక్క తప్పకుండా జవాబు రాసే పిల్లలా నుదురు ముడిచింది. "నాకు అక్కడ ఎవరూ తెలీదు కదా."

"నేనున్నాను కదరా" అంది అమ్మాయి.

"నువ్వు ఫోన్లోనే తెలుసు" అంది పాప.

రంపం ఆదివారం నడవదు. నేను కాలికింద దొరికిన నాడా ముక్క తీసి చేతిలో నలుపుతూ కూర్చున్నాను. ఇప్పుడు పోతే బాగుండును, ఏదో ఒకటి అడ్డమొచ్చి ఈ బొమ్మ ఇక్కడితో ఆగిపోతే బాగుండునని ఎంత అనుకున్నానో. పచ్చ దీపం రెప్ప కూడా వేయలేదు.

"సరే నాన్నా" అంది అమ్మాయి. గొంతు మామూలుగానే ఉంది. "అత్తావాళ్ళ ఊళ్ళో బాగా ఆడుకో. ఏదీ, ఇంకా ఏంటి కబుర్లు?"

తప్పించుకున్నాననుకుందో ఏమో, పాప ముఖం ఒక్కసారిగా విప్పారింది. "పన్ను ఊడింది! చూపించనా?" అని తెర నిండా నోరు తెరిచింది. ఎర్రటి చిగురు, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో బియ్యపుగింజ కొసంత తెల్లగా కొత్త పన్ను. దాని నాలుక ఆ సందులోంచి బయటికొచ్చి లోపలికి పోయింది. అమ్మాయి చెయ్యి తెర దాకా వెళ్ళింది, అద్దం మీద వేలిముద్ర పడుతుందనేమో వెనక్కి వచ్చింది.

"నొప్పి పుట్టిందా?"

"కొంచెం. నాన్నే పీకాడు. నేను ఏడవలేదు."

"మంచిదానివి."

తర్వాత కూడా చాలాసేపు మాట్లాడుకున్నారు. పాప మధ్యలో రెండుసార్లు గోడ గడియారం చూసింది. చివరికి తనే "ఇంక పెట్టేయనా?" అని అడిగి, అమ్మాయి తల ఊపాక పెట్టేసింది.

అమ్మాయి ఫోను బోర్లించి, ఆకుపచ్చ గుడ్డల కట్ట ముందుకి లాక్కుంది. అంచు మడిచి సూది కింద పెట్టింది.

"వచ్చే ఆదివారం నేనేమీ అడగనమ్మా" అంది. "పన్ను ఎంత వచ్చిందో చూస్తాను, అంతే."

మిషను తొక్కడం మొదలుపెట్టింది.